యంత్రం నాడి – పరిశోధకుని ఓర్పు

వ్యాధి ముదిరిన తరువాత వైద్యుని ఇంటికి పరుగెత్తని వారుండరు. రాబోయే వ్యాధిని ముందుగా పసిగట్టి తప్పించిన వైద్యుని స్మరించేవారు మాత్రం అరుదు. రాని జబ్బుకు సాక్ష్యం ఉండదు. జరగని ప్రమాదం పత్రికలకు ఎక్కదు. మానవ శరీరం విషయంలో చెప్పిన ఈ మాట యంత్రాలకు కూడా వర్తిస్తుంది. నడుస్తున్న యంత్రాన్ని విప్పకుండానే దాని ఆరోగ్యాన్ని కనిపెట్టే విద్యను ‘కండిషన్ మానిటరింగ్’ అంటారు. తెలుగులో ‘యంత్రస్థితి పరిశీలన’ అనవచ్చును. ఈ విద్యలో దీర్ఘకాలం కృషి చేసిన పరిశోధకులకు ఏటేటా ఇచ్చే బహుమతి ఒకటి ఉన్నది. ఆ బహుమతిని, దాని వెనుకనున్న విద్యను, ఆ విద్యతో మన విశాఖపట్నానికి గల సంబంధాన్ని పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

సాహిత్యం బోధించేవానికి యంత్రాలతో పనియేమి అని విద్యార్థులు అడుగవచ్చును. విశాఖలో నివసించే ఎవరికైనా యంత్రంతో పని ఉన్నదనియే నా సమాధానం. 1933లో ఇక్కడ ఓడరేవు ఆరంభమైంది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన నౌకానిర్మాణశాల నుండి 1948లో ‘జలఉష’ సముద్రంలోకి దిగింది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. బైలదిల్లా కొండలలోని ఇనుపరాయి రైలు మీద ఇక్కడికే దిగివచ్చింది. రాయిని మోసే కన్వేయర్లు, ఓడల సరుకు దింపే క్రేన్లు, కొలిమికి గాలినందించే బ్లోయర్లు, ఇవన్నీ రాత్రింబవళ్ళు తిరిగేవే. పైగా ఉప్పుగాలి ఇనుమును తినివేస్తూనే ఉంటుంది. ఒకసారి రాజేసిన బ్లాస్ట్ ఫర్నేసు ఏళ్ళ తరబడి ఆరకుండా మండవలసినదే. దానికి గాలినిచ్చే యంత్రం హఠాత్తుగా నిలిచిపోతే కొలిమికీ ముప్పు, దాని చెంత పనిచేసేవారికీ ముప్పు.

యంత్రాల సంరక్షణలో మూడు పద్ధతులున్నాయి. మొదటిది, యంత్రం చెడిపోయేదాకా నడిపి, చెడిన తరువాత బాగుచేయడం. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లన్నమాట. రెండవది, చెడినా చెడకపోయినా గడువు ప్రకారం విప్పి భాగాలు మార్చడం. ఇందులో ప్రమాదం కొంత తగ్గుతుంది కాని, మంచి భాగాలు వృథా అవుతాయి. బాగున్న యంత్రాన్ని విప్పి బిగించడంలో కొత్త లోపాలు కూడా చేరవచ్చును. మూడవది, యంత్రం చెప్పే మాట విని, అవసరమైనపుడు మాత్రమే దానిని ఆపడం. ఇదియే యంత్రస్థితి పరిశీలన.

యంత్రం మాట్లాడుతుందా? తప్పక మాట్లాడుతుంది. కంపనం, వేడి, నూనె దాని భాషలో ముఖ్యమైనవి. పాత ఉస్తాదులు ఒక ఇనుపకడ్డీని బేరింగు మీద ఆనించి, రెండవ కొనకు చెవియొగ్గి దాని బాగోగులు చెప్పేవారు. యునానీ హకీము ‘నబ్జ్’ చూడడం, ఆయుర్వేద వైద్యుడు నాడి చూడడం కూడా ఇటువంటివే. ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో నాడిని గురించి సవిస్తరంగా చర్చించాడు. తెలుగునాట ప్రసిద్ధికెక్కిన ‘బసవరాజీయం’ కూడా నాడీపరీక్షకు పెద్దపీట వేసింది. నేటి పరిశోధకుడు అదే పనిని సూక్ష్మ పరికరాలతో, గణితం సహాయంతో చేస్తున్నాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక మోటారు నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుందనుకొందాం. అంటే సెకనుకు 25 చుట్లు. తిరిగే భాగంలో ఒక ప్రక్క బరువు ఎక్కువైతే సెకనుకు 25 సార్లు వచ్చే కంపనం పెరుగుతుంది. మోటారు ఇరుసు, పంపు ఇరుసు ఒకే వరుసలో లేకపోతే సెకనుకు 50 సార్లు వచ్చే కంపనం కూడా తరచుగా బయటపడుతుంది. ఇక బేరింగులో 8 గోళాలున్నాయనుకొందాం. గోళాల వరుస ఇరుసు వేగంలో సగం కంటె కొంచెం తక్కువగా, సెకనుకు సుమారు 10 చుట్లు తిరుగుతుంది. బయటి వలయంలో చిన్న గుంట పడితే, సెకనుకు సుమారు 80 పర్యాయాలు గోళాలు దానిని తాకిపోతాయి. 80 దగ్గర చిన్న శిఖరం కనిపించిందంటే గుంట ఎక్కడ పడిందో విప్పకుండానే తెలిసిందన్నమాట.

కలగాపులగంగా వినిపించే కంపనాన్ని ఈ విధంగా విడదీయడానికి మూలమైన గణితాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూరియే 1822లో ఉష్ణం గురించి వ్రాసిన గ్రంథంలో వివరించాడు. యంత్రకంపనం ఎంతవరకు సహించదగినదో తెలిపే పట్టికను 1939లో రాత్‌బోన్ ప్రకటించాడు. 1965లో కూలీ, టుకీ అనువారు ఫూరియే లెక్కను కంప్యూటరుపై అతివేగంగా చేసే పద్ధతిని వెలువరించారు. ఒక్క బేరింగు గుంటను వినడానికి ఎన్ని తరాల శ్రమ కలిసివచ్చిందో గమనించండి.

ఈ విద్యకు దీర్ఘకాలం ఎందుకు కావలెను? ఒక్కనాటి కొలత వలన తెలిసేది స్వల్పం. నిన్న ఎంత, మొన్న ఎంత, ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎంత అనేది తెలిస్తేనే నేటి సంఖ్యకు అర్థం కలుగుతుంది. మంచి బేరింగు చెడడానికి ఏళ్ళు పట్టవచ్చును. అన్నాళ్ళూ కొలతలు వ్రాసుకొంటూ ఎదురుచూచే ఓర్పు పరిశోధకునికి ఉండాలి. చాలా దినాలు అతని పుస్తకంలో ‘మార్పు లేదు’ అనియే ఉంటుంది. ఆ మాట వ్రాసినవానికి చప్పట్లు కొట్టేవారుండరు.

అందుకే ఆ బహుమతి విలువైనదని నా అభిప్రాయం. బ్రిటనులో 1976లో ఏర్పడిన ‘బ్రిటిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్’ అనే సంస్థ దీనిని ఇస్తున్నది. దాని పేరు కొలకాట్ బహుమతి. ఆర్.ఎ. కొలకాట్ 1977లో యంత్రదోష నిర్ణయంపై వెలువరించిన గ్రంథం ఈ శాస్త్రానికి తొలినాటి పాఠ్యగ్రంథాలలో ఒకటి. ఒక్కనాటి మెరుపును కాక, స్థితి పరిశీలనలో దీర్ఘకాలంగా సాగిన పరిశోధనను ఈ బహుమతి గౌరవిస్తుంది.

ఈ విద్యకు మనవారి సేవ కూడా తక్కువది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి 1965లో ఇంజనీరింగు పట్టం పొందిన సింగిరేసు ఎస్. రావు తరువాత అమెరికాలో ఆచార్యులైనారు. యాంత్రిక కంపనాలపై వారు రచించిన పాఠ్యగ్రంథం 1986 నుండి పెక్కు ముద్రణలు పొందింది. అందులో యంత్రస్థితి పరిశీలనకు, దోష నిర్ణయానికి ప్రత్యేక ప్రకరణమే ఉన్నది. ఖరగ్‌పూర్, ఢిల్లీ ఐ.ఐ.టి.లలో బోధించిన ఆచార్య జె.ఎస్. రావు కంపనం ద్వారా యంత్రస్థితిని పరిశీలించడంపైనే 2000లో ఒక గ్రంథం వెలువరించారు.

గ్రంథాలున్నాయి, పరికరాలున్నాయి. ఐనను చూడవలసిన చోట చూడకపోతే ఏమగునో మన నగరం చూచింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ట్యాంకు తిరిగే యంత్రం కాదు. కాని దానికీ ఒక స్థితి ఉన్నది, దానినీ పరిశీలించవలసియున్నది. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగు భాగంలోనే కొలిచారని, మధ్య, పై పొరల వేడిని తెలుసుకొనే ఏర్పాటు లేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం అదే సంవత్సరం జూలైలో నివేదించింది. అడుగున నాడి చూచి దేహమంతా చల్లగా ఉన్నదనుకొన్నారు. పైన జ్వరం కాచిపోతున్నది. కొలత లేని చోట కళ్ళు లేనట్లే. కొలత తప్పు చోట ఉంటే కళ్ళుండీ చూడనట్లే.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఈ రేవులోనో, ఉక్కు కర్మాగారంలోనో, దూరదేశంలోనో యంత్రాల నడుమ నిలువబోతున్నారు. నేడే ఒక అలవాటు చేసుకొనండి. మన కళాశాల నీటిపంపు మోటారునే తీసుకొనండి. వారానికి ఒకసారి దాని ధ్వనిని, వేడిని, కంపనాన్ని గమనించి, తేదీ వేసి ఒక పుస్తకంలో వ్రాయండి. మూడేళ్ళలో ఆ పుస్తకం ఏ పాఠమూ చెప్పలేనిది మీకు చెబుతుంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వార్షికోత్సవంలో పరుగుపందెం గెలిచినవానికి, ఉపన్యాసం చెప్పినవానికి బహుమతులిస్తున్నాము, అది ఉచితమే. వాటితోపాటు, ఒక పరిశీలనను మూడేళ్ళు విడువకుండా సాగించిన విద్యార్థికి కూడా ఒక బహుమతి ఏర్పాటు చేయవలెను. అది గాలిలోని ఉప్పు కావచ్చును, బావిలోని నీటిమట్టం కావచ్చును, పంపు మోటారు కావచ్చును. డబ్బు ఎక్కువ అక్కరలేదు. ఒక మంచి పుస్తకం, సభలో నాలుగు మాటలు చాలును. ఓర్పుకు కూడా గౌరవముందని పిల్లలు కన్నులారా చూస్తే, రేపు ఏదో ఒక కర్మాగారంలో, ఏదో ఒక రాత్రి, వారిలో ఒకరు సమయానికి యంత్రాన్ని ఆపగలరు. ఆ రాత్రి జరగని ప్రమాదం మనకు తెలియకపోయినా, ఆ బహుమతి సార్థకమైనట్లే.