లేజర్‌తో కళ్ళద్దాలు తీయించుకునే ముందు



ఈ ఏడాది ఉపకార వేతనాల దరఖాస్తులు పరిశీలించే పని నాకు అప్పగించారు. కృష్ణగిరి పక్క పల్లె నుంచి వచ్చిన డిప్లొమా విద్యార్థి ఒకడు ఖర్చుల కాలమ్‌లో కాలేజీ ఫీజు, బస్సు పాసు తరువాత "కంటికి లేజర్" అని రాశాడు. పిలిచి అడిగాను. "రైల్వేలో లోకో పైలట్ కావాలని ఆశ సార్. అద్దాలుంటే తీసుకోరట. లేజర్ చేయించుకుంటే సరిపోతుందని ఫ్రెండ్స్ చెప్పారు" అన్నాడు.

అసిస్టెంట్ లోకో పైలట్‌కు అద్దాలు లేకుండా 6/6 చూపు ఉండాలన్నది నిజమే. అయితే 2018లోను, 2024లోను రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు ఇచ్చిన ప్రకటనల్లో, లాసిక్ గాని చూపు సరిచేసే మరే ఆపరేషన్ గాని చేయించుకున్నవారు ఈ పోస్టుకు అనర్హులని రాసే ఉంది. అద్దాలతో అనుమతించే రైల్వే పోస్టులు వేరే ఉన్నాయి. కాబట్టి పోలీసు, సైన్యం, రైల్వే ఏదైనా సరే, ముందు ఆ ఉద్యోగ ప్రకటనలోని వైద్య నిబంధనలు చదవండి. ఒకసారి చేసిన లేజర్‌ను వెనక్కి తీసుకోలేము.

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి విషయంలో తిరిగిన తిరుగుళ్ళ వల్ల, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి చెబుతున్నాను.

కంటి ముందు భాగంలో గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. లాసిక్‌లో దాని పైన పలుచని మూతలా ఒక పొరను లేపి, కింది భాగాన్ని ఎక్సైమర్ లేజర్‌తో కొలత ప్రకారం చెక్కి, మూతను మళ్ళీ కప్పుతారు. ఈ లేజర్ చుట్టుపక్కల కాల్చకుండా శరీర కణజాలాన్ని చెక్కగలదని 1981లో అమెరికాలోని ఐబీఎం ప్రయోగశాలలో కనిపెట్టిన ముగ్గురిలో ఒకరు మన మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను ల్యాబుకు తెచ్చి దానిమీద ప్రయోగం చేశారట! సైన్సు విద్యార్థులు గుర్తుంచుకోవలసిన పేరు.

ఇక నాకు తెలిసిన లెక్క. కార్నియా మందం చాలామందిలో సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. మూతకు సుమారు 110 పోతుంది. ఒక్కో పవర్‌కు ఇంచుమించు 14 మైక్రాన్లు చెక్కాలి. మైనస్ 5 ఉన్నవారికి 70. మిగిలేది 360. ఇబ్బంది లేదు. మరొకరికి మందం 490, పవర్ మైనస్ 8 అనుకుందాం. 110, 112 తీసివేస్తే 268. కనీసం 250 మిగలాలన్నది నియమం. కాని 300 కంటే తగ్గుతుందంటేనే చాలామంది సర్జన్లు వెనకాడతారు. ఈ ఖాతాలో డ్రా చేయడమే గాని మళ్ళీ జమ చేయడం ఉండదు. మినిమం బ్యాలెన్సుకు దిగితే కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బవచ్చు.

మా అమ్మాయికి మైనస్ 5.5. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు రెండుసార్లు అద్దాల మాట ఎత్తేసరికి ఇంట్లో పట్టుదల పుట్టింది. తప్పు మాదే, ఒప్పుకుంటాను. హోసూరు నుంచి బెంగళూరు ఎంత దూరం, నలభై కిలోమీటర్లు. మొదట వెళ్ళినచోట పవర్ చూసి, నెలాఖరులోగా కడితే తగ్గింపు అని చెప్పి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. ఆ ఉదయం దాకా ఆమె కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే ఉంది. ఎవరూ అడగలేదు. మనసొప్పక మరో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ, "లెన్సులు కార్నియా ఆకారాన్ని మారుస్తాయి, రెండు వారాలు మానేసి రండి" అని తిప్పి పంపారు. గట్టి లెన్సులైతే ఇంకా ఎక్కువ రోజులు మానాలట. మళ్ళీ వెళ్ళినప్పుడు టోపోగ్రఫీ అనే పరీక్ష చేశారు. మందం సరిపోయింది గాని కార్నియా కింది భాగం కొద్దిగా ఉబ్బి ఉంది. కెరటోకోనస్ తొలిదశ. "చిన్నప్పటి నుంచి కళ్ళు నలుపుకుంటుందా?" అని డాక్టరుగారు అడిగారు. నలుపుకునేది. దుమ్ము అలర్జీ. "లేజర్ చేస్తే ఈ ఉబ్బు పెరుగుతుంది, మేము చేయం" అన్నారు. దారి పొడుగునా బస్సులో అమ్మాయి ఏడ్చింది. ఆ తరువాత ఉబ్బు ఆపడానికి ఒక కంటికి క్రాస్‌లింకింగ్ చేశారు. ఇప్పటికీ అద్దాలతోనే ఉంది. పెళ్ళి కూడా అద్దాలతోనే అయింది.

తగినవారికి లాసిక్ మంచి చికిత్సే. పద్దెనిమిదేళ్ళు నిండాలి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. షుగర్ అదుపులో లేకపోయినా, కీళ్ళవాతం ఉన్నా, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నా దాచకుండా చెప్పండి. ఆపరేషన్ తరువాత కొన్ని నెలలు కళ్ళు పొడిబారడం మామూలు, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనబడవచ్చు. కృష్ణగిరి హైవే మీద రాత్రిపూట బండి నడిపేవాళ్ళు దీన్ని ప్రత్యేకంగా అడగాలి. ఎక్కువ మైనస్ ఉన్నవారి రెటీనా బలహీనత లేజర్‌తో పోదు. ఏటా చుక్కల మందు వేయించుకుని చూపించుకోవలసిందే. నలభై దాటాక చదవడానికి అద్దాలు మామూలుగానే వస్తాయి.

బీమా సంగతి: పవర్ 7.5 కంటే తక్కువైతే సాధారణ ఆరోగ్య పాలసీలు ఈ ఖర్చు ఇవ్వవు. అప్పు చేసే ముందు ఇది చూసుకోండి.

నిరుడు నాకు శుక్లం ఆపరేషన్ అయినప్పుడు డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఇదివరకు లేజర్ చేయించుకున్నారా?" అని. కార్నియాను చెక్కి ఉంటే లోపల అమర్చే లెన్సు పవర్ లెక్క తప్పే ప్రమాదం ఉందట. పాత కొలతలుంటే ఆ లెక్కకు సాయపడతాయట. కనుక లేజర్ చేయించుకునే పిల్లలు ఆపరేషన్‌కు ముందటి పవర్, మందం, టోపోగ్రఫీ కాగితాలన్నీ అడిగి తీసుకుని, మార్కుల జాబితాలు పెట్టే ఫైలులోనే భద్రపరచండి. వాటి అవసరం ముప్పై నలభై ఏళ్ళ తరువాత పడుతుంది.