రెండు దేశాల లెక్క, ఒకే ఫైలు: నోవై తెలుగు ఇళ్లకు కంప్యూటర్ పద్దుల చిట్కాలు

అమెరికాలోని నోవైలో తెలుగు కుటుంబం ఇంటి లెక్క రెండు దేశాల్లో నడుస్తుంది. ఇక్కడ జీతం, ఇంటి లోను, వేసవిలో ఒకటి శీతాకాలంలో ఒకటి వచ్చే ఆస్తి పన్ను బిల్లులు, పిల్లల సంగీతం ఫీజు, టాఫ్ట్ రోడ్డులోని వేంకటేశ్వర స్వామి గుడికి ఇచ్చే విరాళం. అక్కడ అమ్మానాన్నల మందుల ఖర్చు, ఎన్‌ఆర్‌వో ఖాతాలో పడే అద్దె, ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లు, ఊళ్లో వేసిన చీటీ. ఇవన్నీ ఒక్కచోట కనిపించాలంటే సొంత కంప్యూటర్‌లో, సొంత ఫైల్లో లెక్క రాసుకోవడమే మేలు. మైక్రోసాఫ్ట్ మనీ అమ్మకం 2009లో ఆగింది. ఆన్‌లైన్‌లో నడిచిన మింట్ 2024 మార్చిలో మూతపడింది. ఫైలు మన దగ్గరుంటే కంపెనీ ఉన్నా పోయినా లెక్క మిగులుతుంది.

కింది చిట్కాల్లో ఎక్కువ భాగం గ్నూక్యాష్ గురించి. 1998లో మొదటి వెర్షన్ వచ్చిన ఈ ప్రోగ్రాం ఉచితం. ఒకే పుస్తకంలో డాలర్లూ రూపాయలూ పక్కపక్కనే నడపగలదు కాబట్టి మన ఇళ్లకు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. క్విక్కెన్ వాడేవారికీ ఇందులో చాలా పనికొస్తాయి.

1. ఫైల్లో ఏదైనా సరిచేసేముందు దాని కాపీ తీయండి. పేరులో తేదీ పెట్టి యూఎస్‌బీ డ్రైవ్‌లో వేసుకోండి. మామూలు పద్ధతిలో దాచిన గ్నూక్యాష్ ఫైలైతే, సేవ్ చేసినప్పుడల్లా తేదీ, సమయం పేరులో ఉన్న పాత ప్రతిని అదే ఫోల్డర్‌లో ఉంచుతుంది. ఆ ఫైళ్లు చెత్తలా కనిపిస్తాయి గానీ చెరిపేయకండి. అసలు ఫైలు పాడైతే నిన్నటి ప్రతిని తెరిచి, కొత్త పేరుతో దాచుకుని పని కొనసాగించవచ్చు. మామూలుగా అవి 30 రోజులు ఉంటాయి. ప్రిఫరెన్సెస్‌లో ఆ గడువు పెంచుకోవచ్చు.

2. "లాక్ దొరకలేదు" అన్న హెచ్చరిక వస్తే కంగారు పడొద్దు. కరెంటు పోయినప్పుడో, ప్రోగ్రాం మధ్యలో ఆగినప్పుడో ఎల్‌సీకే అన్న చిన్న ఫైలు మిగిలిపోతుంది. ముందుగా అదే ఫైలు ఇంకో కిటికీలో గానీ, ఇంట్లో ఇంకో కంప్యూటర్‌లో గానీ తెరిచి ఉందేమో చూడండి. ఎక్కడా లేదని తేలాకే "ఓపెన్ ఎనీవే" నొక్కండి. ఇద్దరు ఒకేసారి రాస్తే ఒకరి పద్దులు పోతాయి.

ఈ చిక్కుకు వన్‌డ్రైవ్ కూడా మూలం కావచ్చు. కొత్త విండోస్ కంప్యూటర్లలో డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెలియకుండానే వన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోయి ఉండవచ్చు. నడుస్తున్న లెక్కల ఫైలును అక్కడ ఉంచకండి. సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ పెట్టుకుని, పని ముగిశాక కాపీని మాత్రం క్లౌడ్‌కు పంపండి.

3. రూపాయి ఖాతాను రూపాయల్లోనే తెరవండి. అన్నీ డాలర్లలోకి మార్చి రాసుకుంటే సులువనిపిస్తుంది గానీ, మారకం రేటు కదిలిన ప్రతిసారీ బ్యాంకు స్టేట్‌మెంటుకూ మన పుస్తకానికీ పొంతన కుదరదు. హైదరాబాద్, విజయవాడ ఖాతాలను "భారతదేశం" అన్న పెద్ద ఖాతా కింద పెట్టి, ఒక్కోదానికి కరెన్సీ భారత రూపాయి అని ఎంచుకోండి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌వో ఖాతాలను ఎప్పుడూ కలపొద్దు. వాటి పన్ను దారులు వేరు.

4. డబ్బు పంపినప్పుడు రేటు రాయకండి, అక్కడ పడిన మొత్తం రాయండి. మీ ఖాతాలోంచి 2,004 డాలర్లు పోయాయి, అందులో 4 డాలర్లు ఫీజు, అక్కడ 1,70,000 రూపాయలు జమయ్యాయి అనుకుందాం. బదిలీ పెట్టెలో రేటు గడి పక్కనే "చేరిన మొత్తం" గడి ఉంటుంది. అందులో 1,70,000 కొడితే రేటును ప్రోగ్రామే లెక్క కడుతుంది. ఫీజును విడి వరుసలో ఖర్చుగా చూపండి. ఏడాదికి ఫీజుల మొత్తం ఎంతైందో చూస్తే ఏ దారిలో పంపాలో మీకే తెలుస్తుంది. 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్కు రూపంలో విదేశాలకు పంపే డబ్బుపై 1 శాతం పన్ను ఉంది. బ్యాంకు ఖాతా నుంచీ, అమెరికా డెబిట్, క్రెడిట్ కార్డులతోనూ పంపితే అది పడదు.

5. తేదీల దగ్గర జాగ్రత్త. ఈ జాబితాలో అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇదే. భారతీయ బ్యాంకు ఇచ్చే సీఎస్‌వీ ఫైల్లో 03/04/2025 అంటే ఏప్రిల్ 3. అమెరికా అమరికలో ఉన్న కంప్యూటర్ దాన్ని మార్చి 4గా చదువుకోవచ్చు. 25/04/2025 అయితే ఇరవై అయిదో నెల లేదు కాబట్టి ప్రోగ్రాం వెంటనే తప్పు చూపిస్తుంది. 12 లోపు తేదీలు మాత్రం చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లిపోతాయి. పైగా మార్చి 4కీ ఏప్రిల్ 3కీ మధ్య భారత ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. 2025-26లో చూపాల్సిన వడ్డీ 2024-25లో కూర్చుంటుంది. దిగుమతి తెరలో తేదీ రూపాన్ని "రోజు-నెల-సంవత్సరం" అని మీరే ఎంచుకోండి, ఊహించే పని ప్రోగ్రాంకు వదలకండి.

అదే ఫైల్లో ఇంకో రెండు తంటాలు ఉంటాయి. 1,25,000.00 అన్న లక్షల కామాలు ఒకటి, మొత్తం పక్కన డీఆర్, సీఆర్ అక్షరాలు రెండోది. స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి కామాలు, అక్షరాలు తీసేసి, జమకూ ఖర్చుకూ వేర్వేరు నిలువు వరుసలు చేసుకోండి. ముందు అయిదారు పద్దులున్న చిన్న ఫైలుతో పరీక్షించి, సరిపోయాక ఏడాది మొత్తాన్నీ ఎక్కించండి.

6. ఇక్కడి బ్యాంకులకు సీఎస్‌వీ కన్నా ఓఎఫ్‌ఎక్స్ గానీ క్యూఎఫ్‌ఎక్స్ గానీ మేలు. వాటిలో ప్రతి లావాదేవీకీ బ్యాంకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య ఉంటుంది. అదే ఫైలు మళ్లీ ఎక్కించినా పద్దు రెండుసార్లు పడే ప్రమాదం తక్కువ.

7. పుస్తకం బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోకపోతే తేడా అంకెను చూడండి. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే, ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండవచ్చు. 5,400 బదులు 4,500 కొడితే తేడా 900. తేడాలో సగం మొత్తం ఉన్న పద్దు దొరికితే, ఖర్చు వైపు పడాల్సింది జమ వైపో, జమ వైపుది ఖర్చు వైపో పడి ఉంటుంది. దుకాణం వెనక్కి ఇచ్చిన 128 డాలర్లను ఖర్చుగా రాస్తే తేడా 256 వస్తుంది. మన ఊళ్లలో పాత గుమాస్తాలు చేతిపుస్తకాల్లో వాడిన పద్ధతే ఇది. కంప్యూటర్ వచ్చాకా అంతే చక్కగా పనిచేస్తుంది.

"ఇంబ్యాలెన్స్-యూఎస్‌డీ" అనే ఖాతా దానంతటదే పుట్టుకొస్తే ఏదో పద్దుకు రెండో వైపు ఖాతా లేదన్నమాట. ఆ ఖాతా తెరిచి ఒక్కో పద్దుకూ సరైన ఖాతా ఇవ్వండి. అక్కడ నిల్వ సున్నా కావాలి. తర్వాత యాక్షన్స్ మెనూలో "చెక్ అండ్ రిపేర్" నడపండి. క్విక్కెన్‌లో దీనికి సమానమైంది ఫైల్ మెనూలోని "వాలిడేట్ అండ్ రిపేర్". రెండూ ఫైలు నిర్మాణంలోని లోపాలను సరిచేస్తాయి గానీ మీరు తప్పుగా కొట్టిన మొత్తాన్ని కనిపెట్టలేవు.

8. చీటీకి ఆస్తి ఖాతా ఒకటి తెరవండి. నెలవారీ చీటీ సొమ్మును ఖర్చు కింద రాయకూడదు. 5 లక్షల చీటీ, 20 నెలలు, నెలకు 25,000 అనుకుందాం. పాట లాభం 3,000 వచ్చిన నెలలో మీరు కట్టేది 22,000. అప్పుడు చీటీ ఖాతాలో 25,000 చూపి, అందులో 22,000 బ్యాంకు నుంచీ, 3,000 "చీటీ లాభం" ఆదాయం నుంచీ వచ్చినట్టు రాయండి.

ఎనిమిదో నెలలో 80,000 తగ్గించి పాడుకున్నారు, చేతికి 4,20,000 వచ్చింది. బ్యాంకులో 4,20,000, "పాట తగ్గింపు" ఖర్చులో 80,000 చూపి, చీటీ ఖాతాలోంచి 5,00,000 తీసేయండి. అప్పటికి ఎనిమిది నెలల 2,00,000 ఉంది కాబట్టి ఖాతా మైనస్ 3,00,000కి పోయి ఎర్రగా కనిపిస్తుంది. అది ప్రోగ్రాం లోపం కాదు. మిగిలిన 12 వాయిదాలు, ఒక్కోటి 25,000, మొత్తం 3,00,000 మీరు బాకీ అని చెబుతోంది. చివరి వాయిదాతో ఖాతా సరిగ్గా సున్నాకు వస్తుంది. రాకపోతే ఏదో నెల పద్దు తప్పింది. చీటీ నిజంగా ఎంత లాభమో, ఎంత వడ్డీ పడిందో ఇంత స్పష్టంగా చూపే పద్ధతి ఇంకోటి లేదు. చుట్టాల దగ్గర మొహమాటానికి వేసిన చీటీకైనా ఈ లెక్క రాయండి.

9. ఇంటి లోను కంతును మూడుగా విడగొట్టండి. 2,900 డాలర్ల కంతులో వడ్డీ 1,450, అసలు 650, ఎస్క్రో 800 ఉందనుకుంటే, వడ్డీ ఒక్కటే ఖర్చు. అసలు అప్పును తగ్గిస్తుంది. ఎస్క్రో ఇంకా మీ డబ్బే, లోను కంపెనీ దగ్గర దాచినది. దానికి ఆస్తి ఖాతా తెరిచి, నోవై వేసవి బిల్లు, శీతాకాలం బిల్లు, ఇంటి బీమా కట్టినప్పుడు అందులోంచి ఖర్చులోకి మార్చండి. అప్పుడే ఆస్తి పన్నుకు ఏడాదిలో ఎంత పోయిందో సరిగ్గా తేలుతుంది. ఎస్క్రో చాలక కంతు పెరిగినప్పుడు కారణమూ కనిపిస్తుంది. ఈ పద్దును "షెడ్యూల్డ్ ట్రాన్సాక్షన్"గా పెట్టుకుంటే ప్రతి నెలా కొట్టే పని తప్పుతుంది. వడ్డీ, అసలు మాత్రం నెలనెలా కాస్త మారతాయి, స్టేట్‌మెంటు చూసి దిద్దుకోండి.

10. ఎన్‌ఆర్‌వో వడ్డీని టీడీఎస్ (బ్యాంకు ముందే కోసుకునే పన్ను) పోకముందు మొత్తంగా రాయండి. డిపాజిట్‌పై 10,000 రూపాయలు వడ్డీ వస్తే 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 3,120 కోసుకుని 6,880 జమ చేస్తారు. 6,880 ఒక్కటే రాసుకుంటే రెండు నష్టాలు. అమెరికా పన్ను పత్రంలో ఆదాయం తక్కువగా చూపినట్టవుతుంది, అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ అడగగలిగిన క్రెడిట్ మరుగున పడిపోతుంది. "భారత్ టీడీఎస్" అని విడి ఖాతా పెట్టండి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి భారతదేశంలో పన్ను లేదు గానీ ఇక్కడ ఉంది. దాన్నీ వదలొద్దు.

11. ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) కోసం ఏడాది గరిష్ఠ నిల్వ కావాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఫిన్‌సెన్ 114 పత్రం వేయాలి. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. ప్రతి రూపాయి ఖాతా పద్దును జనవరి నుంచి డిసెంబరు దాకా చూసి అత్యధిక నిల్వ గుర్తించండి. దాన్ని డిసెంబరు 31 నాటి ట్రెజరీ రేటుతో డాలర్లలోకి మార్చాలి. గ్నూక్యాష్ ధరల పట్టికలో ఆ ఒక్క రేటునూ చేత్తో ఎక్కించుకోవచ్చు.

నాన్నగారితో కలిపి ఉన్న ఉమ్మడి ఖాతాను చాలా ఇళ్లలో "అది వాళ్లది" అని వదిలేస్తారు. ఖాతాలో మీ పేరు ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది, మొత్తం నిల్వతో సహా. అలాంటి ఖాతాలకు "నాన్న ఉమ్మడి" అని పేరు పెట్టి ఖాతాల చెట్టులో విడి కొమ్మగా ఉంచండి. అప్పుడు నికర ఆస్తి నివేదికలో వాటిని ఎంచకుండా వదిలేయడం సులువు, ఎఫ్‌బార్ నాడు మరిచిపోరు.

12. ఒకే పుస్తకానికి రెండు రకాల ఏడాది నివేదికలు దాచుకోండి: జనవరి నుంచి డిసెంబరు ఒకటి, ఏప్రిల్ నుంచి మార్చి ఇంకోటి. తేదీలు ఒకసారి అమర్చి "సేవ్ కాన్ఫిగరేషన్" నొక్కితే వచ్చే ఏడాది మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. రెండోది నేరుగా హైదరాబాద్ ఆడిటర్‌కు పంపొచ్చు.

13. ఖాతాల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. "అమ్మ మందులు", "కిరాణా", "పెళ్లి కానుకలు" అని రాస్తే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కలుపుకుంటే చాలు. సీపీఏకు ఇచ్చే నివేదిక కోసం ప్రతి ఖాతాకూ కోడ్ గడిలో ఒక సంఖ్య వేయండి.

14. గుడికి, సేవా సంస్థలకు ఇచ్చిన విరాళాలు విడి ఖాతాలో. ఒకేసారి 250 డాలర్లు, ఆపైన ఇస్తే రాతపూర్వక రశీదు ఉండాలి. రశీదు ఫొటోను ఆ పద్దుకే జతచేయండి. 2026 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారు కూడా నగదు విరాళాలకు 1,000 డాలర్ల దాకా, జంటగా పన్ను పత్రం వేస్తే 2,000 దాకా తగ్గింపు అడగొచ్చు.

15. గ్నూక్యాష్ ఫైలుకు తాళం ఉండదు, ఎవరు తెరిచినా చదవగలరు. కాబట్టి కంప్యూటర్ డ్రైవ్‌కే ఎన్‌క్రిప్షన్ పెట్టండి, యూఎస్‌బీకి కూడా. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లెక్కల కంప్యూటర్ ఇంకా దానిమీదే ఉంటే మార్చేయండి.

16. లెక్క రాసేది ఒకరే అయినా తెరవగలిగేవారు ఇద్దరుండాలి. లెక్కలు భర్త ఒక్కడికో భార్య ఒక్కదానికో తెలిసి, ఆ మనిషి ఆసుపత్రిలో పడితే ఏ డిపాజిట్ ఎక్కడుందో వెతకడం రెండు దేశాల్లో సాగాల్సిన పని. ఫైలు ఎక్కడుంది, కాపీ ఎక్కడుంది, డ్రైవ్ పాస్‌వర్డ్ ఏమిటి అని కాగితం మీద రాసి పాస్‌పోర్టుల దగ్గర పెట్టండి. ఈ శనివారం అరగంట కూర్చుని మీ ఇంటి రెండో మనిషి చేత ఆ ఫైలు తెరిపించండి.