నలభై దాటాక ఒళ్ళు వంచడం ఎలా?

మొక్కై వంగనిది మానై వంగుతుందా అని పిల్లల పెంపకం గురించి అనేవారు పెద్దలు. నలభై దాటినవాళ్ళం ఆ సామెతను మన బద్ధకానికి అడ్డం పెట్టుకుంటున్నాం. ఈ వయసులోనూ ఒళ్ళు వంగుతుంది, దినచర్యే వంగనంటుంది. ఆఫీసు, ట్రాఫిక్, పిల్లల ట్యూషన్లు, పెద్దవాళ్ళ మందులు అన్నీ అయ్యాక, మూడ్ ఉంటే నడుద్దాంలే అనుకుంటాం. ఆ మూడ్ ఏనాడూ రాదు.

చెన్నై తిరుమంగళంలో ఏషియాడ్ కాలనీ ఉంది. 1996-98 మధ్య డాక్టర్ వి. మోహన్ బృందం నగరంలో మధుమేహం మీద సర్వే చేసినప్పుడు, ఆ కాలనీలో వారానికి మూడుసార్లకు మించి వ్యాయామం చేసేవాళ్ళు 14.2 శాతమే. డాక్టర్లు అవగాహన సభలు పెట్టారు. అవి విన్న కాలనీవాసులు సొంత డబ్బు వేసుకొని పార్కు కట్టుకున్నారు. మళ్ళీ లెక్క తీసేసరికి వ్యాయామం చేసేవాళ్ళు 58.7 శాతానికి చేరారు. ఈ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. వాళ్ళకు గుమ్మం దాటితే చోటు దొరికింది, అక్కడికి వెళితే తెలిసిన ముఖాలు కనిపించాయి. మనమూ ముందు ఆ ఏర్పాట్లు చేసుకుందాం. ఉత్సాహం వాటి వెనకాలే వస్తుంది.

1. ముందు పరీక్షలు

బీపీ, షుగర్ చూపించుకోండి. టేపుతో నడుము కొలవండి. మన దేశపు మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్తపడాలి. మెట్లెక్కితే గుండెల్లో పట్టేసినట్టుంటున్నా, కళ్ళు తిరుగుతున్నా డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టండి. షుగర్‌కు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్ళు జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి. పాదాలకు స్పర్శ తగ్గినవాళ్ళు బీచ్ ఇసుకలో ఉత్త కాళ్ళతో నడవకూడదు.

2. దగ్గరి చోటు

ఇంటి నుంచి పది నిమిషాల్లో చేరగలిగే చోటు ఎంచుకోండి. చెన్నైలో అయితే అన్నానగర్‌వాళ్ళకు టవర్ పార్కు, టి.నగర్‌వాళ్ళకు నటేశన్ పార్కు, బీసెంట్ నగర్‌వాళ్ళకు ఎలియట్స్ బీచ్ ఉన్నాయి. మైలాపూరువాళ్ళకు లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు ఉంది. 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టి, ఆంధ్రపత్రికను నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే దానికి పెట్టారు. నడుంనొప్పికి ఆయన మందు రాసుకుంటూ ఇంట్లో కూర్చునే బదులు, ఆయన పేరిట ఉన్న పార్కులో నాలుగు చుట్లు తిరగవచ్చు. మెరీనాకు వెళ్ళేవాళ్ళు మొదట్లో గట్టి కాలిబాట మీదే నడవాలి. ఇసుకలో నడిస్తే పిక్కలు పట్టేస్తాయి.

3. వేళ

"పొద్దున్నే నడుస్తా" అనుకుంటే నడక సాగదు. రోజూ ఎలాగూ చేసే పనికి దాన్ని ముడిపెట్టండి. ఉదాహరణకు, ఆవిన్ పాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టగానే బూట్లు వేసుకోవాలి. బూట్లు, సాక్సులు, తాళంచెవి రాత్రే గుమ్మం దగ్గర పెట్టేయండి. చెన్నైలో ఏడు దాటితే ఉక్కపోత మొదలవుతుంది. రోహిణి కార్తెలో అయితే ఆరున్నరకల్లా ఇంటికి చేరడం మంచిది. పొద్దున లేవలేనివాళ్ళు సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక వెళ్ళవచ్చు.

4. పది నిమిషాలతో మొదలు

• మొదటి రెండు వారాలు: రోజుకు 10 నిమిషాలు, వారానికి ఐదు రోజులు
• మూడు, నాలుగు వారాలు: 15 నిమిషాలు
• ఐదు, ఆరు వారాలు: 20 నిమిషాలు
• ఏడు, ఎనిమిది వారాలు: 30 నిమిషాలు

ఇక్కడికి వచ్చేసరికి వారానికి 150 నిమిషాలవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన కనీస లెక్క అదే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగం అంత ఉంటే చాలు. మొదటివారం ఒంట్లో ఓపిక ఉన్నా పది నిమిషాలకే ఆపేయండి. తొలిరోజే గంట నడిచి, మర్నాడు మోకాళ్ళు పట్టుకొని కూర్చునేవాళ్ళే త్వరగా మానేస్తారు. పదివేల అడుగుల లెక్కకూ భయపడకండి. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరుతో ప్రచారమైన అంకె అది.

5. తోడు

పక్క ఫ్లాట్ ఆయన్నో ఆవిడనో అడగండి. "ఎప్పుడైనా కలిసి నడుద్దామండీ" అంటే ఆ ఎప్పుడో రాదు. "రేపు ఆరింటికి గేటు దగ్గరుంటాను, వస్తారా అండీ?" అనండి. ఒకరు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారంటే దుప్పటి ముసుగు దానంతటదే తొలగుతుంది. నడక అయ్యాక అంతా కలిసి కాఫీ తాగవచ్చు, చక్కెర తగ్గిస్తే మేలు. పొంగలి, వడ మాత్రం ఆదివారానికి దాచుకోండి. అరగంట నడకలో ఖర్చయ్యే శక్తిలో చాలా భాగం ఒక్క వడతో తిరిగి వచ్చేస్తుంది.

6. వారానికి రెండు రోజులు కండకు పని

ముప్ఫై దాటాక కండ పదేళ్ళకు 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతూ వస్తుంది. దానికి నడక ఒక్కటే చాలదు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం, వంటింటి గట్టు పట్టుకొని మడమలు పైకెత్తడం చేయండి. ఒక్కొక్కటి పదేసిసార్లు, రెండు విడతలు. జిమ్ ఫీజు కట్టే ఆలోచన మూడు నెలల తర్వాత చూద్దాం.

7. తప్పిన రోజు

పెళ్ళిళ్ళు, జ్వరాలు, ఊరి ప్రయాణాలు ఉండనే ఉంటాయి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో ఒక కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులకే కుదిరితే, మరికొందరికి 254 రోజుల దాకా పడుతుందని తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినందువల్ల నష్టమేమీ కనిపించలేదు. కాబట్టి ఒకరోజు పోతే పోనివ్వండి, రెండోరోజు మాత్రం పోనివ్వకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలున్నప్పుడు అపార్ట్‌మెంట్ కార్ పార్కింగ్‌లో తిరగండి, మెట్లెక్కండి.

8. కొలతలు

రోజూ బరువు చూసుకుంటే నిరుత్సాహమే మిగులుతుంది. నెలకోసారి నడుము కొలత, బీపీ రాసుకోండి. మండవెళి రైలు స్టేషన్ మెట్లు ఆగకుండా ఎక్కగలిగారా? అదీ రాసుకోండి.

మూడో నెలలో ఇంకాస్త పెద్ద గురి పెట్టుకోవచ్చు. 2023 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం 'నడప్పోం నలం పెఱువోం' పేరుతో జిల్లాకొకటిగా 8 కిలోమీటర్ల నడక దారులు ప్రారంభించింది. చెన్నై దారి బీసెంట్ నగర్ వైపు ఉంది. అప్పటి ఆరోగ్య మంత్రి మా. సుబ్రమణియన్, ఒకప్పుడు రోడ్డు ప్రమాదంలో మోకాలు దెబ్బతిన్నా, యాభై దాటాక పరుగు మొదలుపెట్టి నూరుకు పైగా హాఫ్ మారథాన్లు పూర్తిచేశారు. మనం అంత దూరం పోనక్కర్లేదు. ఆ 8 కిలోమీటర్లలో మూడో నెల రెండు, తర్వాతి నెల నాలుగు నడిస్తే చాలు. అయితే తోడు అడగడం మాత్రం రేపటికి వాయిదా వేయకండి. పక్కింటాయన ఈ రాత్రి పడుకోకముందే అడిగేయండి.