గుత్త మాట్లాడే ముందు

గద్వాలలో గానీ వనపర్తిలో గానీ కొత్తగా ఇళ్ల కాంట్రాక్టు పట్టిన మేస్త్రీ తోటి మేస్త్రీకి ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, ఎస్‌ఎఫ్‌టీకి ఎంత చెప్తున్నవ్?" అవతల నుంచి వచ్చిన అంకెలో యాభై రూపాయలు తగ్గించి ఇంటాయనకు చెప్తాడు. పని దొరుకుతుంది. ఏడాదిన్నర తిరిగేసరికి సిమెంటు దుకాణంలో బాకీ, వడ్డీకి తెచ్చిన పైసలు మిగులుతాయి.

పాలమూరు మనిషికి పని రాదని ఎవరూ అనలేరు. నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి డ్యాముల దగ్గర మట్టి మోసింది, రాయి పేర్చింది మనవాళ్లే. ఊళ్లో అడ్వాన్సు పంచి కూలీలను దూర రాష్ట్రాలకు తీసుకుపోయిన గుంపు మేస్త్రీలూ మనవాళ్లే. 2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు, ఆ తర్వాత మెడికల్ కాలేజీలు వచ్చాయి. కొత్త కాలనీల్లో ఇళ్లు లేచాయి. నిన్నటి మేస్త్రీ ఇవాళ కాంట్రాక్టరయ్యాడు. కానీ లెక్క మాత్రం పాతదే. డ్యాం దగ్గర సిమెంటు ధర పెరిగినా, పునాదిలో బండ తగిలినా అది కంపెనీ బాధ. మేస్త్రీ జవాబు చెప్పాల్సింది మనుషులకే. ఇంటి గుత్తలో ఆ బాధలన్నీ మేస్త్రీ నెత్తిన పడతాయి. చేతిలో ఉన్నది మాత్రం ఇంకా అడ్వాన్సులు రాసుకునే చిన్న పుస్తకమే. మన నష్టాలకు అసలు మూలం ఇదేనని నా నమ్మకం.

అందుకే ముందు ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు పెట్టుకొని మళ్లీ వేసుకోండి. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు. మెటీరియల్, కూలీ, సెంట్రింగ్, కరెంటు పని అన్నీ కలిపి 18 లక్షల ఖర్చు. ఏడాదికి అలాంటివి నాలుగు కడతారు, మొత్తం 72 లక్షలు. ఇక ఏ ఇంటి ఖాతాలోనూ కనబడని ఖర్చులు రాయండి. పొద్దున్నుంచి రాత్రి దాకా సైటు మీదుండే మీకు నెలకు 30 వేల జీతం, ఏడాదికి 3.60 లక్షలు. పెట్రోలు, ఫోను, మిక్సర్ రిపేరు, అరిగిపోయే సెంట్రింగ్ షీట్లు, లెక్కలు రాసేవాడి ఫీజు, ఉద్దెర మీద వడ్డీ కలిపి ఇంకో 2.40 లక్షలు. అంటే 6 లక్షలు.

పక్కాయనను చూసి మీరు అడుగుకు 1,900 చెప్పారనుకోండి. నాలుగు ఇళ్లకు 76 లక్షలు వస్తాయి. నాలుగు లక్షలు మిగిలాయని సంబరపడతారు. నిజానికి రెండు లక్షలు పోయాయి. ఖర్చు మీద పది శాతం వేసి 1,980 చెబితే ఏడాదంతా తిరిగాక మిగిలేది 1.20 లక్షలు. ఒక్క స్లాబు కారితే అదీ ఉండదు. మీ జీతం పోగా, వచ్చే మొత్తంలో 8 శాతం లాభం నిలవాలంటే 78 లక్షలను 0.92తో భాగించాలి. అప్పుడు దాదాపు 84.78 లక్షలు వస్తుంది. ఇంటికి 21.20 లక్షలు, అడుగుకు సుమారు 2,120. ఖర్చు మీద దాదాపు 18 శాతం వేస్తే గానీ 8 శాతం మిగలదు. జీతం లాభం కాదు. జీతం మీ ఇంటికి, లాభం మీ వ్యాపారానికి.

ఆ 18 లక్షల అంకె ఎక్కడి నుంచి రావాలి? అంచనా నుంచి రావాలి. ఎన్ని బస్తాలు, ఎన్ని కిలోల స్టీలు, ఎన్ని ట్రాక్టర్ల ఇసుక అని ప్లాను ముందు పెట్టుకొని రాయించాలి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ నుంచి సివిల్ డిప్లొమా చేసిన పిల్లలు బయటికి వస్తున్నారు. ఒకరికి రెండు రోజుల కూలీ ఇచ్చి అంచనా రాయించుకోండి. నేను చూసినంతలో ఇంతకంటే చౌక ఖర్చు ఇంకోటి లేదు.

పునాది సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే. నడిగడ్డలో, కృష్ణకూ తుంగభద్రకూ మధ్య, చాలాచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద మామూలు లోతు పునాది వేస్తే రెండో వేసవికి గోడలు పగులుతాయి. నేను గుంత తీయకుండానే మొత్తం ఇంటికి ఒకే రేటు ఒప్పుకున్నాను. గట్టి నేల అనుకున్న దానికంటే చాలా కిందికి పోయింది. ఇంటాయనను అడగడానికి నోరు రాలేదు, కాగితం మీద ఏమీ లేదు కదా. అప్పటి నుంచి ఒప్పందానికి ముందే స్థలంలో రెండు మూలల గుంత తీయిస్తాను. ఫలానా లోతు వరకే ఈ రేటు, దిగితే అడుగుకు ఇంత ఎక్కువ అని రాయిస్తాను.

పైసలు ఇంటికో ఖాతాలో ఉండాలి. గద్వాల ఇంటి అడ్వాన్సుతో అలంపూర్ ఇంటి స్లాబు పోసేవాడు, ఏదో ఒక నెల కొత్త పని దొరక్కపోతే అక్కడే కూలబడతాడు. వాయిదా పని మొదలయ్యే ముందు రావాలి. ఇందిరమ్మ ఇళ్లలో ఇది కష్టం. సర్కారు ఇచ్చే 5 లక్షల సాయం దశలవారీగా, పని అయ్యాకే లబ్ధిదారు ఖాతాలో పడుతుంది. బేస్‌మెంట్ పూర్తయితే గానీ మొదటి లక్ష రాదు. ఆ బేస్‌మెంటుకు పైసలు ఎవరు పెట్టాలో ముగ్గు పోయకముందే తేల్చుకోండి. 600 చదరపు అడుగులు దాటించి కట్టి ఆ కుటుంబం బిల్లు ఆగేలా చేయకండి. వాళ్లకది మళ్లీ దొరికే సాయం కాదు.

జీఎస్టీ మాట కూడా ముందే రావాలి. ఒక్క ఇంటికి కూలీ గుత్త మాత్రమే అయితే పన్ను లేదు. మెటీరియల్‌తో కలిపి కడితే అది వర్క్స్ కాంట్రాక్టు, మామూలుగా 18 శాతం. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. పైన నేను చెప్పిన రేట్లలో ఈ పన్ను లేదు.

మన దగ్గర మనుషులు దొరికే కాలం, దొరకని కాలం ఉంటాయి. గద్వాల వైపు విత్తన పత్తిలో క్రాసింగ్ మొదలైతే ఆడకూలీలు అటే పోతారు. ఆ నెలల్లో స్లాబులు పెట్టుకొని, తర్వాత గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందని సెంట్రింగ్ తొందరగా విప్పకండి. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు కనీసం 7 రోజులు, దాటితే 14 రోజులు సపోర్టులు ఉంచాలని కాంక్రీటు పనుల కోడ్ చెబుతుంది. అది ఓపీసీ సిమెంటుకు. పీపీసీ వాడితే ఇంకొన్ని రోజులు ఆగండి. కూలీ మాత్రం శనివారం శనివారం లెక్క తేల్చి ఇచ్చేయండి. అడ్వాన్సుతో మనిషిని కట్టేసిన పాత పద్ధతిలో మన ఊళ్లు చాలా బాధపడ్డాయి.

మధ్యలో ఇంటమ్మ అటక అడుగుతుంది, ఇంటాయన సజ్జ పెంచమంటాడు. చెయ్యండి, కానీ ధర ఆ రోజే రాసి సంతకం తీసుకోండి. రంగుల దశకు వచ్చేసరికి మీకు రావాల్సింది పది శాతానికి మించి ఉండకూడదు. ఆ చివరి వాయిదా అడిగే ముందు డాబా మీద చుట్టూ మట్టికట్ట వేసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టండి. మూడో రోజు పొద్దున ఇంటాయనను కింద గదుల్లోకి తీసుకుపోయి, తడి లేని కప్పును చూపించి, బిల్లు చేతిలో పెట్టండి.