పాత జీపులో గేరు పడకుండుట: కారణ పరీక్ష

శృంగవరపుకోట నుండి అనంతగిరి మీదుగా అరకునకు పోవు ఘాట్ మార్గమునను, మారేడుమిల్లి చింతూరుల నడుమనున్న ఘాట్ మార్గమునను ప్రయాణము చేసినవారు పాత జీపులను చూచియే యుందురు. సంతకు పోవు జనమును, మూటలును, కోళ్ల గంపలును వానిలో నెక్కి కొండలు దాటుట మన్యమున పరిపాటి. అట్టి బండ్ల డ్రైవర్లు తఱచుగా చెప్పు మాట యొకటి గలదు: "గేరు గట్టిగా నున్నది, పడుట లేదు." వెంటనే వినవచ్చు సలహాయు నొక్కటే: "గేరు బాక్సు విప్పవలసినదే." ఈ రెండవ మాట తొందరపాటు మాట యని మా యభిప్రాయము. గేరు బాక్సు దింపించిన కూలి యొకయెత్తు, బండి షెడ్డులో నిలిచిన దినముల రాబడి పోవుట యొకయెత్తు. పెక్కు సందర్భములలో కారణము గేరు బాక్సులో నుండనే యుండదు. ఏదియు విప్పకయే ఆ సంగతి తెలిసికొను విధమును ఇచ్చట వివరింపదలచితిమి. పై తరగతుల విద్యార్థులు ఘర్షణము, జడత్వము అను పాఠములు చదివియుందురు గావున వారికిది కఠినము కాదు.

మొదట బండి యెట్టిదో తెలియవలయును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941 మొదలు 1945 వఱకు, అమెరికాలో విల్లీస్, ఫోర్డు సంస్థలు సైన్యము కొఱకు లక్షలకొలది జీపులను నిర్మించినవి. 1940 దశాబ్దపు తుదిని బొంబాయిలో మహీంద్రా సంస్థవారు విల్లీస్ జీపులను కూర్చుట కారంభించిరి. 1953లో విల్లీస్ వారు వెలువరించిన సీజే-3బీ అను నమూనా మన దేశమున చిరకాలము తయారైనది. విల్లీస్ వారి ఆ బండిలో టీ-90 అను మూడు గేర్ల పెట్టె యుండెడిది. తరువాతి జీపులలో నాలుగు, ఐదు గేర్ల పెట్టెలు వచ్చినవి. అయినను పరీక్షించు మార్గము మాఱలేదు.

ఆ మూడు గేర్ల పెట్టెలో మొదటి గేరును, రివర్సు గేరును పండ్లచక్రములు ప్రక్కకు జఱిగి యొకదానితో నొకటి కలిసికొనుటచేతనే పడును. రెండవ, మూడవ గేర్లకు మాత్రము సింక్రో అను సాధనము గలదు. సింక్రో యనగా నొక ఇత్తడి జాతి లోహపు ఉంగరము. దాని లోపలి భాగము గరాటువలె వాలుగా నుండి, చక్రముపై నున్న అట్టి వాలునే రాచుకొనును. ఆ రాపిడి వలన రెండింటి వేగములును సమానమగును. సమానమైన పిదపనే పండ్లు కలియును. ఈ సాధనము 1928లో కాడిలాక్ కార్లలో మొదట వచ్చినది. అంతకు పూర్వపు డ్రైవర్లు ఇంజను ధ్వనిని చెవితో విని వేగములను సరిచూచుకొనెడివారు.

ఇక కొంచెము లెక్క చేయుదము. టీ-90 పెట్టెలో మూడవ గేరు నిష్పత్తి 1, రెండవ దానిది 1.551, మొదటి దానిది 2.798. బండి మూడవ గేరులో పోవుచుండగా ఇంజను నిమిషమునకు 1,000 చుట్లు తిరుగుచున్న దనుకొనుడు. బండి వేగము తగ్గకయే రెండవ గేరులోనికి మాఱవలెనన్న 1,551 చుట్లు కావలయును. గేరు మాఱు ఆ క్షణమున పెట్టె ముందు ఇరుసును, దాని చివరనున్న క్లచ్ పలకను, దానితో తిరుగు చక్రములను 551 చుట్లు అధికముగ తిరుగునట్లు ఆ చిన్న ఉంగరమే లాగవలయును. క్లచ్ పూర్తిగా విడినయెడల అది దానికి సాధ్యమే. విడనిచో, పలకతోపాటు బరువైన ఫ్లైవీలును, ఇంజనునంతటిని కూడ ఆ ఉంగరమే లాగవలసివచ్చును. చేతి గాజంత లోహము అంత పని చేయగలదా? గేరు రాడ్డు చేతికి ఎదురు తిరుగును, బలవంతము చేసినచో కఱకఱ ధ్వని పుట్టును, ఉంగరము అఱిగిపోవును. క్లచ్ లోపము మొదట గేరు బాక్సు లోపమువలె కనబడి, అశ్రద్ధ చేసిన కొలదిమాసములకు నిజముగనే గేరు బాక్సు లోపమగుట యిట్లే. అందుచేత పరీక్ష క్లచ్‌తోనే యారంభము కావలయును.

బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, చక్రములకు రాళ్లు పెట్టి, గేర్లన్నిటిని ఒక్కొక్కటిగ వేసి చూడుడు. అన్నియు తేలికగా పడినయెడల గేరు రాడ్డును, లోపలి ఫోర్కులును బాగుగనే యున్నవని చెప్పవచ్చును. ఒక్కొక్కప్పుడు పంటికి పన్ను ఎదురుపడి గేరు ఆగిపోవుట కలదు. అది లోపము కాదు. రాళ్లు తీసి, బండిని జానెడు ముందుకు నెట్టి, మరల వేసినచో పడును. ఇంజను ఆగియున్నప్పుడు సైతము ఎటు నెట్టినను గట్టిగనే యున్నచో, క్లచ్‌ను నిందింప బనిలేదు. దోషము రాడ్డు కింది భాగమునందో పెట్టెలోపలనో యున్నది.

ఇంజను ఆగినప్పుడు తేలిక, నడచినప్పుడు గట్టి యైనచో రెండవ పరీక్ష చేయవలయును. బండికి ముందు వెనుకల మనుష్యులు లేకుండ చూచుకొని, హ్యాండు బ్రేకు వేసి, ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి, క్లచ్‌ను అడుగంట నొక్కి, మనసులో పది లెక్కించి, అప్పుడు రివర్సు వేయుడు. ఈ పెట్టెలో రివర్సుకు సింక్రో లేదు గనుక ఆ గేరు దేనిని కప్పిపుచ్చజాలదు. క్లచ్ పూర్తిగా విడియుండినచో పది లెక్కించు లోపల ముందు ఇరుసు చమురు రాపిడికి లోబడి నిలిచిపోవును. రివర్సు చప్పుడు లేక పడును. అంతసేపు వేచిన తరువాతను కఱకఱలాడినయెడల ఇంజను శక్తి యింకను లోపలికి చేరుచున్నదన్నమాట. సందేహము తీరనిచో ఇంజను ఆపి, రెండవ గేరు వేసి, ఒకరు క్లచ్ నొక్కి కూర్చుండగా ఇద్దరు బండిని నెట్టి చూడవచ్చును. న్యూట్రల్‌లో కదలినంత తేలికగా అది కదలవలయును.

క్లచ్ విడకుండుటకు కారణములు పెక్కు. వానిలో మిక్కిలి చౌకయైనదే మిక్కిలి సామాన్యమైనది. పెడలును చేతితో నొక్కుడు. మొదట సుమారొక అంగుళము మేర బరువు లేక దిగి, అటుపిమ్మట స్ప్రింగు బలము చేతికి తగులవలయును. మూడు నాలుగంగుళములు ఊరక దిగిపోవు పెడలునకు, క్లచ్‌ను విడదీయుటకు కావలసినంత దూరము మిగులదు. అసలు వదులే లేకుండుటయు మంచిది కాదు. అట్లైన క్లచ్ జాఱుచుండును, రిలీజు బేరింగు త్వరగా పోవును. పాత జీపులలో పెడలునకును ఫోర్కునకును నడుమ కేబులో కడ్డీయో యుండును. దానికి గల నట్టును త్రిప్పి ఈ వదులును సరిచేయవచ్చును. రెండు స్పానర్లతో అయ్యెడి పని. అయితే నట్టు త్రిప్పుటకు ముందు కడ్డీల కీళ్లను చూడుడు. గేరు బాక్సు విప్పించి కొత్త ఉంగరములు వేయించిన కొలదికాలమునకే మరల అదే బాధతో నిలిచిపోయిన జీపు నొకదానిని మేమెఱుగుదుము. దానియందు పెడలు కడ్డీ చివరి పిన్ను రంధ్రము కోడిగ్రుడ్డువలె సాగియుండెను. పిన్ను వెల యెంత, ఉంగరముల వెల యెంత?

నూనెతో పనిచేయు క్లచ్ ఉన్న తరువాతి బండ్లలో డబ్బాలో నూనె యున్నదో లేదో చూచి, పెడలును వెంటవెంట మూడు నాలుగుమార్లు నొక్కుడు. అట్లు నొక్కినప్పుడు మాత్రమే గేరు పడినచో గొట్టములో గాలి చేరినదని గాని, నూనె కాఱుచున్నదని గాని గ్రహింపవలయును.

పెడలు సరిగనున్నను క్లచ్ విడనిచో కారణము లోపలి దగును. ఏఱు దాటిన తడితోనే వారములకొలది నిలిపియుంచిన జీపులో పలక తుప్పుపట్టి ఫ్లైవీలునకు అతుకుకొనుట కలదు. ఇరుసుపై పలక జఱుగవలసిన గాళ్లు తుప్పుచే బిగియుటయు, పలక వంకరపోవుటయు కలదు. ఫ్లైవీలు నడుమ, ఇరుసు కొనను పట్టియుంచు చిన్న కంచు బుష్షు ఒకటి యుండును. అది ఎండి పట్టివేసినచో, పలక విడినను ఇరుసు ఇంజనుతోనే తిరుగును. దీనిని పైనుండి గుర్తించుట దుస్సాధ్యము. ఇట్టి చోట్ల విప్పక తప్పదు. ఇంజను దిమ్మల రబ్బరు చితికి ఇంజను పక్కకు ఒరిగినప్పుడు సయితము కడ్డీలు దారి తప్పును. రాళ్లబాటల బండికి ఇది కొత్త కాదు.

పై పరీక్షలన్నిటను క్లచ్ నిర్దోషియై, ఒక్క రెండవ గేరు మాత్రమే కఱకఱలాడుచు తక్కినవి సుఖముగ పడుచున్నవా? అప్పుడు ఆ గేరు ఉంగరము అఱిగినదని నమ్మవచ్చును. గేరు దానంతటదియే జాఱి న్యూట్రల్‌లో పడుచుండుట వేఱు జబ్బు. దానికి లోపలి గుండు, స్ప్రింగు, ఫోర్కు, పండ్ల అఱుగుదల కారణములు కావచ్చును.

గేరు ఆయిలు విషయమును కొందఱు తేలికగా తీసివేయుదురు. లంబసింగి, అరకు ప్రాంతముల చలికాలపు వేకువ వేళ మొదటి రెండు మూడు మైళ్లు గేరు గట్టిగానుండి, తరువాత తేలికయైనచో అది చిక్కబడిన ఆయిలు పనియే. ఆయిలు పాలవలె తెల్లబాఱినచో నీరు చేరినది. ఏఱులు దాటు జీపులకిది తఱచు. డబ్బాపై జీఎల్-4, జీఎల్-5 అను గుర్తులుండును. జీఎల్-5 వెనుక ఇరుసు పండ్ల తీవ్రమైన ఒత్తిడికై చేసినది. దానిలో గంధకపు మందులు అధికము. కొన్ని రకములు ఇత్తడి, కంచు భాగములను తినివేయును. "పెద్ద అంకె గలది మేలైనది" యని తలచి దానిని గేరు బాక్సులో పోయుట సరికాదు. ఇత్తడి ఉంగరములు గల పాత పెట్టెకు జీఎల్-4 తగినది. పాత ఆయిలు వంపునప్పుడు శుభ్రమైన పళ్లెములో పట్టి చూడుడు. పసుపుపచ్చని మెఱుపు పొడి ఉంగరములది. ఇనుప తునుకలు పండ్లవి. తునుకలు కనబడినచో ఇక విప్పుటకు వెనుదీయరాదు.

జీపునకు మాత్రమే చెందిన చిక్కు ఒకటి గలదు. బురదలో నాలుగు చక్రములకు శక్తి నిచ్చు చిన్న రాడ్డు వేసి, ఆరిన గట్టి రోడ్డు ఎక్కిన పిదప దానిని తీయుట మఱచినయెడల ఆ రాడ్డు కదలక మొఱాయించును. మలుపులో ముందు చక్రములు వెనుక చక్రములకన్న ఎక్కువ దూరము పోవును. ఈ జీపులలో ఆ భేదమును సర్దునట్టి ఏర్పాటు ముందు వెనుక ఇరుసుల నడుమ లేదు. బురదలోనైతే చక్రము జాఱి సర్దుకొనును. గట్టి నేలపై జాఱలేదు గనుక ఇరుసులు మెలిపడి పండ్లను బిగించును. సుత్తితో కొట్టనక్కఱలేదు. బండిని తిన్నగా కొన్ని గజములు వెనుకకు నడిపినను, లేక ఒక ప్రక్క చక్రములను రోడ్డు అంచు మట్టిపైకి దింపినను మెలి విడి రాడ్డు వచ్చును. ముందు వెనుక టైర్ల అఱుగుదలలో భేదమున్న బండికి ఈ బాధ మఱింత యధికము.

ఇక ఘాట్ దిగుట. రెండవ గేరు పడక రాడ్డు న్యూట్రల్‌లో నిలిచిన బండిని పట్టుటకు బ్రేకులు తప్ప వేఱొకటి లేదు. పాత జీపుల డ్రమ్ము బ్రేకులు ఎడతెగక నొక్కినచో వేడెక్కి పట్టు సడలును. కాబట్టి వాలు మొదలగుటకు ముందే, బండి మెల్లగానున్నప్పుడే, తక్కువ గేరు వేసికొనవలయును. ఉంగరము అఱిగిన బండిలో క్లచ్ నొక్కి న్యూట్రల్‌లోనికి తెచ్చి, క్లచ్ వదలి, ఇంజను వేగమును కొంచెము పెంచి, మరల క్లచ్ నొక్కి రెండవ గేరు వేయుడు. పైన లెక్కించిన 551 చుట్లను అప్పుడు ఉంగరమునకు మాఱుగా ఇంజనే యిచ్చును. వాలు మధ్యమున గేరు తప్పిపోయినచో మరల మరల ప్రయత్నించుచు వేగము పెరుగనీయరాదు. బ్రేకులు చల్లగానున్నప్పుడే బండిని పూర్తిగా నిలిపి, నిలిచియుండగా మొదటి గేరు వేసికొని, ఆ గేరులోనే దిగవలయును.