గుడ్డు నుండి పిల్ల దాకా 21 రోజులు



మెస్సులో గుడ్డు పెట్టిన రోజు ఆరో తరగతి చెల్లెండ్లు నన్ను ఒక ప్రశ్న అడిగిండ్రు. "అక్కా, ఈ గుడ్డును ఉడకబెట్టకుండ వెచ్చగ దాస్తే పిల్ల అయితదా?" అని. కాదు అని ఒక్క మాటలో చెప్పవచ్చు. కానీ ఎందుకు కాదు? మరి ఏ గుడ్డు పిల్ల అవుతుంది? కోడి లేకుండా పెట్టెలో పెట్టి పిల్లలను లేపవచ్చా? ఈ ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో ఇదే పని చేసినం. సైన్సు పుస్తకంలో చదివింది, ఇంట్లో చూసింది కలిపి రాస్తున్నాను.

1. ఏ గుడ్డు పిల్ల అవుతుంది?

పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అవసరం లేదు. కానీ ఆ గుడ్డు పిల్ల కావాలంటే పుంజు కలవాలి. దీనినే ఫలదీకరణం అంటారు. కోళ్ల ఫారంలో గుడ్ల కోసం పెంచే పెట్టల దగ్గర పుంజులు ఉండవు. మన హాస్టలుకు వచ్చే తెల్ల గుడ్లు అటువంటి ఫారం గుడ్లు. వాటిని ఎన్ని రోజులు వెచ్చగా పెట్టినా మురిగిపోతాయి గాని పిల్లలు కావు. ఇంటి దగ్గర పుంజుతో కలిసి తిరిగే పెట్ట గుడ్డు మాత్రం పనికి వస్తుంది.

గుడ్డు పెంకు గట్టిగా కనిపిస్తుంది గాని దానికి కంటికి కనపడని సన్న రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటి నుండి గాలి లోపలికి పోతుంది, తేమ బయటికి వస్తుంది. పెంకు మీద ఒక పలుచని పొర ఉండి క్రిములను ఆపుతుంది. అందుకే పొదిగించే గుడ్లను నీళ్లతో కడగకూడదు. కడిగితే ఆ పొర పోతుంది. గుడ్డు లావు కొన దగ్గర గాలి గది ఉంటుంది. పిల్ల మొదటి శ్వాస తీసేది ఆ గదిలోనే.

2. కోడి చేసే పని

పొదుగుకు వచ్చిన కోడి గంపలో నుండి లేవదు, చెయ్యి పెడితే పొడుస్తది. దాని పొట్ట కింద ఈకలు రాలి చర్మం నేరుగా గుడ్లకు తగులుతుంది. రోజూ ముక్కుతో, కాళ్లతో గుడ్లను చాలా సార్లు తిప్పుతుంది. తిప్పకపోతే లోపలి పిండం పొరకు అంటుకొని చచ్చిపోతుంది. రోజుకు ఒక్కసారి లేచి, తిని, నీళ్లు తాగి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఎవరు నేర్పిండ్రు దానికి? బడి లేదు, గడియారం లేదు.

అయితే ఒక ఇబ్బంది ఉంది. పొదిగే 21 రోజులు కోడి గుడ్డు పెట్టదు. పిల్లలు లేచినంక వాటిని తిప్పుకుంటూ దాదాపు రెండు నెలలు గుడ్డు పెట్టదు. పైగా ఒక నాటుకోడి కింద 10 నుండి 12 గుడ్ల కంటే ఎక్కువ పట్టవు.

3. మనుషులు ఈ పని ఎప్పుడు నేర్చుకున్నారు?

ఇది కొత్త సంగతి కాదు. ఈజిప్టు దేశంలో రెండు వేల ఏండ్ల కంటే ముందు నుండే మట్టి ఇటుకల పొయ్యి ఇండ్లలో వేల గుడ్లను ఒకేసారి పొదిగించేవారు. అప్పుడు థర్మామీటరు లేదు. గుడ్డును కంటి రెప్పకు ఆనించి వేడి చూసేవారట. కంటి రెప్ప చర్మం పలుచగా ఉంటుంది కాబట్టి వేడి సరిగ్గా తెలుస్తుంది. రెయోమూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ సంగతులు తెలుసుకొని, తాను కూడా ప్రయోగాలు చేసి 1749లో పుస్తకం రాసిండు.

మన తెలుగు వారిలో హైదరాబాదుకు చెందిన బండా వాసుదేవరావు గారు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించినారు. హ్యాచరీ అంటే యంత్రాలతో పిల్లలను లేపే చోటు. హైదరాబాదు పక్కన రాజేంద్రనగర్‌లో కోళ్ల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఇంటి పెరట్లో పెంచుకునే వనరాజ, గ్రామప్రియ అనే కోళ్లను అక్కడనే తయారు చేసినారు. అవి నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ నాటుకోడి లాగ పొదుగుకు కూర్చునేవి కావు. వాటి గుడ్లను పొదిగించినా పుట్టే పిల్లలకు తల్లి గుణాలు అన్నీ రావు.

4. మా ఇంట్లో పెట్టె ఎందుకు చేసినం?

మా ఊరు ఎల్లారెడ్డి దగ్గర. పోయిన చలికాలం చివర మా వాడకు కొక్కెర రోగం వచ్చింది. దీనినే రాణిఖేత్ రోగం అంటరు. కోళ్లు మెడ తిప్పుకుంట, పచ్చగా పారుకుంట నాలుగైదు రోజుల్లో చచ్చిపోయినయి. మా ఇంట్లో ఒక్క పెట్ట మిగిలింది. కోళ్లు అంటే మా అమ్మకు బ్యాంకు లాంటిది. నా హాస్టలు పెట్టె, సబ్బులు, నోటుబుక్కులు అన్నీ కోళ్లు అమ్మి కొన్నవే. ఒక్క పెట్టతోటి మళ్లీ మంద కావాలంటే రెండు మూడు ఏండ్లు పడుతుంది. అందుకే మా మేనమామ "పెట్టె చేద్దాం" అన్నడు.

చచ్చిన కోళ్లను సున్నం వేసి లోతుగా పూడ్చినం. గూడు కడిగి, సున్నం కొట్టి రెండు నెలలు ఖాళీగా ఉంచినం. తర్వాత రోగం రాని వేరే ఊరి నుండి 30 నాటు గుడ్లు తెచ్చినం.

5. పెట్టె తయారీ

కావలసినవి: థర్మకోల్ డబ్బా ఒకటి, 40 వాట్ల బల్బులు రెండు, చిన్న ఫ్యాను, థర్మోస్టాట్, గాజు థర్మామీటరు, తేమ చూపే మీటరు, నీళ్ల గిన్నె, జాలీ. మామ ఇవన్నీ కామారెడ్డిలో కొనుక్కొచ్చిండు.

థర్మోస్టాట్ చేసే పని చాలా తెలివైనది. వేడి 37.5 డిగ్రీలు దాటగానే బల్బు ఆరిపోతుంది. తగ్గగానే మళ్లీ వెలుగుతుంది. 37.5 అంటే ఎంత? మన ఒంటి వేడికి కొంచెం ఎక్కువ. అంటే మనకు జ్వరం వచ్చే ముందు ఉండే వెచ్చదనం. ఒక్క డిగ్రీ ఎక్కువైనా కొన్ని గంటలు ఉంటే పిండానికి ప్రమాదం. కొంచెం తక్కువైతే పిల్ల ఆలస్యంగా లేస్తుంది.

కరెంటు ఎంత కాలుతుంది? రెండు బల్బులు 80 వాట్లు. రోజులో సగం సేపు వెలిగితే 80 × 12 = 960, అంటే దాదాపు 1 యూనిట్. 21 రోజులకు 20 యూనిట్ల దాకా అవుతుంది.

మా అమ్మకు అంకెలు రావు. అందుకని గాజు థర్మామీటరు మీద 37.5 దగ్గర ఎర్ర దారం కట్టినం. దారం పైకి పోతే మూత కొంచెం తీయాలి, కిందికి దిగితే నన్ను లేపాలి. గుడ్డుకు ఒక పక్క గీత, ఇంకొక పక్క సున్న పెన్సిలుతో పెట్టినం. పొద్దున అన్నీ గీత పైకి, మధ్యాహ్నం సున్న పైకి, రాత్రి మళ్లీ గీత పైకి. ఎవరు తిప్పినా పొరపాటు రాదు.

6. 21 రోజుల్లో ఏమి జరుగుతుంది?

2వ రోజు: గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికి పిల్ల ఆకారమే లేదు, గుండె మాత్రం ముందే పని మొదలు పెడుతుంది.

7వ రోజు: చీకటి గదిలో గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి చూడాలి. జీవం ఉంటే మధ్యలో నల్ల చుక్క, దాని చుట్టూ సాలెగూడు లాగ ఎర్ర నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుంటే గుడ్డు తేటగా ఉంటుంది. మావి 30లో 5 తేటగా ఉన్నయి, తీసేసినం. 25 మిగిలినయి.

14వ రోజు: గుడ్డు సగానికి పైగా నల్లగా కనిపించాలి. 3 గుడ్లలో పిండం ఆగిపోయింది. 22 మిగిలినయి.

18వ రోజు: తిప్పడం ఆపాలి. పిల్ల బయటికి వచ్చే దిక్కుకు తిరుగుతుంది. 18 రోజుల దాకా గాలిలో తేమ 50 నుండి 55 శాతం ఉంటే, ఇప్పటి నుండి 65 నుండి 70 శాతం ఉండాలి. లేకపోతే పొర ఎండి పిల్లకు అతుక్కుంటుంది. మేము ఇంకొక గిన్నె నీళ్లు పెట్టినం.

20వ రోజు: పిల్ల ముక్కు గాలి గదిలోకి పొడుస్తుంది. మొదటిసారి ఊపిరి తీస్తుంది. లోపలి నుండే కిచకిచ వినిపిస్తుంది. పిల్ల ముక్కు మీద చిన్న గట్టి ముల్లు ఉంటుంది, దానితోనే పెంకు పగలగొడుతుంది. పుట్టినంక కొద్ది రోజులకు అది రాలిపోతుంది.

21వ రోజు: పొద్దుగూకే వరకు 17 పిల్లలు లేచినయి. తెల్లారి ఇంకొకటి లేచింది. 4 గుడ్లలో పిల్లలు తయారై కూడా రాలేకపోయినయి. జీవం ఉన్న 25లో 18 అంటే 100కు 72.

పిల్ల పెంకు పగలగొట్టి ఆగితే మనకు జాలి వేస్తుంది, చేత్తో తీయాలనిపిస్తుంది. తీయకూడదు. ఆ సమయంలో పొర నరాల్లోని రక్తం, మిగిలిన పచ్చసొన పిల్ల ఒంట్లోకి పోతుంటాయి. తొందరపడితే రక్తం కారి చనిపోతుంది. ఆ పచ్చసొన బలంతోనే పుట్టిన పిల్ల రెండు రోజులు తిండి లేకుండా ఉండగలదు.

7. మాకు వచ్చిన రెండు కష్టాలు

మొదటిది ఎండ. 9వ రోజు మధ్యాహ్నం బల్బులు ఆరి ఉన్నా దారం దాటి 39 డిగ్రీలు చూపింది. థర్మోస్టాట్ వేడి చేయడం ఆపగలదు గాని చల్లబరచలేదు. బయట గాలే 42, 43 డిగ్రీలు ఉంటే పెట్టె ఏం చేస్తది? పెట్టెను మట్టి గోడల లోపలి అర్రలో నేల మీదికి దించినం, మూత కొంచెం తెరిచి తలుపుకు తడి గోనెపట్ట కట్టినం. అర్ధగంటకు దారం దగ్గరికి దిగింది. ఆ రోజు నుండి ఎండ తగ్గే దాకా ఒకరం పెట్టె కాడనే కూర్చున్నం.

రెండోది గాలివాన. 12వ రోజు రాత్రి కరెంటు పోయి ఐదు గంటలు రాలేదు. పెట్టె మూత తీయకుండా పైన గొంగడి కప్పి, సీసాలలో వేడి నీళ్లు పోసి లోపల పక్కకు పెట్టినం. చల్లారితే మార్చినం. సగం రోజులు దాటినంక పిండాలకు సొంత వేడి కూడ ఉంటుంది, అది కూడ కాపాడింది.

8. లేపడం వేరు, పెంచడం వేరు

మా బాపమ్మ పెట్టెను చూసి, "పిల్లలైతే లేస్తయి, గద్ద వస్తే ఎవరు చెప్తరు వాటికి?" అన్నది. సరిగ్గా అప్పుడే మిగిలిన ఆ ఒక్క పెట్ట పొదుగుకు వచ్చి ఖాళీ గంపలో కూర్చున్నది. బాపమ్మ రాత్రి చీకట్లో 9 పిల్లలను దాని రెక్కల కిందికి నెట్టింది. తెల్లారేసరికి కోడి వాటిని తన పిల్లలే అనుకున్నది. పగలైతే పొడిచేదట. మిగతా 9 పిల్లలను గంప కింద బల్బు వెలుతురులో పెట్టినం. మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి.

రెండు గుంపులకు నూకలు, చెదలు ఒకటే తిండి. 6వ రోజు పశువుల దవాఖాన నుండి కొక్కెర రోగం టీకా తెచ్చి కంట్లో ఒక్కొక్క చుక్క వేసినం. నేను హాస్టలుకు వచ్చేనాటికి కోడి దగ్గర 9లో 8 ఉన్నయి. బల్బు దగ్గరివి 9లో 5 మిగిలినయి. రెండింటిని గద్ద ఎత్తుకపోయింది, రెండు చిన్నప్పుడే చచ్చిపోయినయి. కోడి ఒక రకం కూత కూస్తే పిల్లలన్నీ రెక్కల కిందికి ఉరుకుతయి. బల్బు కింద పెరిగిన పిల్లలకు ఆ కూత తెలియదు. నీడ పడ్డా అక్కడనే నిలబడతయి.

దీనిని బట్టి నాకు తెలిసింది ఏమిటంటే, లేపే పని పెట్టె బాగా చేస్తుంది, పెంచే పని కోడి బాగా చేస్తుంది. ఒక్క కోడి మిగిలిన ఇంట్లో ఇప్పుడు 13 పిల్లలు ఉన్నయి. రెండూ కలిస్తేనే అయింది.

9. గుర్తు పెట్టుకోవలసినవి

గుడ్లను 7 రోజుల కంటే ఎక్కువ దాచకూడదు. సన్న కొన కిందికి పెట్టాలి. ఎండాకాలం తడి ఇసుక మీద పెట్టిన కుండలో దాచాలి.

పగిలినవి, మరీ చిన్నవి, వంకర ఆకారం ఉన్నవి వద్దు.

పెట్టెను ఒక రోజు ఖాళీగా నడిపి, వేడి నిలకడగా ఉన్నదా చూసినంకనే గుడ్లు పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం టీకా. ఒక సీసాలో వంద కోళ్లకు సరిపోయే మందు ఉంటుంది. కలిపిన తర్వాత గంట, రెండు గంటల్లో వాడాలి. కాబట్టి ఒక్క ఇంటికి కాదు, వాడ అంతా కలిసి ఒకే రోజు వేయించాలి. మంచు ముక్కల్లో పెట్టి తేవాలి. మా వాడలో పోయిన సంవత్సరం ఇది చేసి ఉంటే పెట్టె అవసరమే వచ్చేది కాదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అందరు మీ అమ్మానాయనలకు ఈ ఒక్క మాట తప్పక చెప్పండి.

ఆలోచించి చెప్పండి

1. 40 గుడ్లలో 8 తేట గుడ్లు పోయి, మిగిలిన వాటిలో 24 పిల్లలు లేస్తే, జీవం ఉన్న గుడ్లలో నూటికి ఎన్ని?
2. 18వ రోజు గుడ్డు మొదటి రోజు కంటే బరువు తగ్గుతుంది. లోపల పిల్ల పెరుగుతుంటే బరువు ఎందుకు తగ్గింది?
3. బాతు గుడ్డుకు 28 రోజులు పడుతుంది. కోడి కింద కోడి గుడ్లు, బాతు గుడ్లు కలిపి ఒకే రోజు పెడితే ఏమి జరుగుతుంది?

జవాబులు కాగితం మీద రాసి, తరగతి పేరుతో సహా గోడ పత్రిక డబ్బాలో వేయండి. సరైన జవాబులు వచ్చే సంచికలో రాస్తాం.

— 9వ తరగతి విద్యార్థిని