రాత్రి ఫోటోకు కుంచె మెరుగు

హైదరాబాదు హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ రోజుల్లో రాత్రిపూట తీసిన దాని ఫోటో దొరికితే పరిశీలించండి. ఆకాశంలో ఇసుక చల్లినట్లు మచ్చలుండవచ్చు. వెలుతురు చాలకపోవడమే ఇందుకు కారణం.

కంప్యూటరుకు ఫోటో అంటే అంకెలు నింపిన గడుల పట్టిక. నలుపుకు 0, తెలుపుకు 255. మచ్చ ఉన్న గడిలో 200, చుట్టూ ఎనిమిది గడుల్లో 19, 20, 20, 21, 21, 22, 22, 23 ఉన్నాయనుకుందాం. తొమ్మిదింటినీ ఆరోహణ క్రమంలో రాయండి. మధ్యగతం 21. ఫిల్టరు 200 తీసి 21 ఉంచుతుంది. మచ్చ మాయం! ఇంకా ఎక్కువ గడులు తీసుకుంటే చిన్న వివరాలు కలిసిపోయి, కుంచెతో పూసిన రంగుల్లా కనిపిస్తాయి.

ఆ 200 మచ్చ కాక నక్షత్రమైతే? ఫిల్టరుకు తేడా తెలియదు. దాన్నీ తుడిచేస్తుంది. కనుక అసలు ఫోటోను భద్రపరచి, నకలు మీదనే ప్రయోగం చేయండి.